అయిదో హాజరు

2048 ఆగస్టు 17, సోమవారం, ఉదయం 9 గంటల 40 నిమిషాలకు మడులపేట ప్రాథమిక పాఠశాల నాలుగో తరగతి పిల్ల చింతాడ లిఖిత పన్నెండో ఎక్కం అప్పజెప్పింది. అరవై ఒక్క కిలోమీటర్ల అవతల, గుడ్డిమెట్ట బడిలో నలుగురు పిల్లలు, ఒక మాస్టారు విన్నారు. లిఖిత ఆగస్టు 4న డెంగీ జ్వరంతో చనిపోయింది. ఆ సంగతి గుడ్డిమెట్టలో ఎవరికీ తెలియదు.

మధ్యాహ్నం పన్నెండున్నరకు గుడ్డిమెట్ట మాస్టారు సవర తిరుపతిరావు ఫోన్ చేశాడు. మడులపేట టీచరు కురమాన దమయంతి అప్పుడు పిల్లల కంచాల్లో గుడ్లు వేస్తోంది. మూడేళ్లుగా వాళ్లిద్దరూ రోజూ గోడ మీద ఒకరినొకరు చూసుకుంటున్నారు. ఎదురుపడింది మాత్రం లేదు.

"అక్కా, భోజనాలయ్యాయా?"

"వడ్డిస్తున్నాను. చెప్పు తమ్ముడూ."

"ఏం లేదు. మీ లిఖిత ఇయాల పన్నెండో ఎక్కం గుక్క తిప్పుకోకుండా చెప్పీసింది. మొన్నామధ్య జ్వరమని మధ్యలో లేచెళ్లిపోయి, రెండ్రోజుల్లో చక్కా వచ్చీసింది కదా. ఏం మందేసేరో అడుగుదామని అప్పట్నుంచీ అనుకుంటున్నాను. మా పిల్లలిక్కడ జ్వరాలతో మూలుగుతున్నారు."

"ఎవరు చెప్పారూ?" అంది దమయంతి.

"లిఖితండి. మీ చింతాడ లిఖిత."

దమయంతి ఫోన్ పెట్టేసి గుడ్ల గిన్నె మీద మూత పెట్టింది.

"టీచర్, నాకెయ్యనేదు," అంది దుర్గ. నలుగురిలోనూ చిన్నది. ఏడేళ్లు.

దేశంలో పిల్లలు తగ్గిపోతూ వచ్చిన కాలంలో, బళ్లు మూసేసే బదులు వాటిని ఒకదానితో ఒకటి కలపడానికి తెచ్చిన ఏర్పాటు పేరు తరగతి గోడ. ప్రతి బడిలో గోడంత తెర, దానికో కెమెరా. ఆరు బళ్లకు ఒక జట్టు. మడులపేట బడిలో అయిదు బల్లలు గోడ దాకా వచ్చి ఆగుతాయి. గోడలోంచి మిగతా అయిదు బళ్ల బల్లలు మొదలవుతాయి. ఇరవై ఆరుగురు పిల్లలు నిలువెత్తున కనిపిస్తారు, చెయ్యెత్తుతారు, కొట్టుకుంటారు, నవ్వుతారు. దమయంతి ఆరు బళ్లకూ లెక్కలు చెబుతుంది. తిరుపతిరావు తెలుగు చెబుతాడు, పొద్దున ఎక్కాలు అప్పజెప్పించుకుంటాడు. ఆ వేళల్లో దమయంతి వంట పని చూసుకుంటుంది. ఏ బడి పిల్లలు ఆ బడి గోడ మీద కనపడరు. ఎదురుగా ఉన్నవాళ్లను మళ్లీ గోడ మీద చూపించనక్కర్లేదు కదా అని అలా చేశారు.

నిబంధన ఒకటే. బడికి అయిదుగురు ఉండాలి. ముప్పై రోజుల పాటు హాజరు పట్టీలో అయిదుకు తగ్గితే గోడ తీసేస్తారు. ఉన్నవాళ్లను నలభై కిలోమీటర్ల దూరంలోని వసతి పాఠశాలకు పంపుతారు. మడులపేటలో లిఖితతో కలిపి సరిగ్గా అయిదుగురే ఉండేవారు. ఉప్పుమళ్లలో పని జనవరి నుంచి జూన్ దాకా. ఆ ఆరు నెలలూ బయటి ఊళ్ల నుంచి కుటుంబాలు వస్తాయి, పిల్లలూ వస్తారు. మిగతా ఆరు నెలలు ఊళ్లో ఉండేది ఈ అయిదుగురే.

ఆగస్టు 5 ఉదయం దమయంతి పేర్లు పిలిచింది. నాలుగు పేర్లే పిలిచింది. నలుగురూ "హాజరు టీచర్" అన్నారు. తరవాత హాజరు తీసే తెర పలక మీద అయిదు పేర్ల ఎదుటా వేలు పెట్టి ఒత్తింది. ఆమె ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక హెడ్మాస్టరు ఉండేవాడు. పొద్దున్నే అందరికీ హాజరు వేసెయ్యండి, రాని వాళ్ల సంగతి సాయంత్రం చూసుకుందాం అనేవాడు. ముప్పై ఏళ్లలో ఆ పద్ధతి ఆమెకు చేతి అలవాటయింది. జనవరి దాకా ఒక పేరు మోస్తే చాలనుకుంది.

"లిఖితక్కది కూడా ఒత్తీసినారా టీచర్?" అంది దుర్గ ఆ రోజు.

"నీకెందుకే?"

"ఒత్తకపోతే బడి మూసెత్తారంట గదా. మా నాన్నమ్మ సెప్పినాది. ఒత్తీండి, నాను ఎవులికీ సెప్పను."

దుర్గకు తల్లీ తండ్రీ లేరు. నాన్నమ్మకు రెండు కళ్లూ కనపడవు. పొద్దున్న అన్నం వండి, గిన్నె ఎక్కడుందో ముసలమ్మ చేతికి తగిలించి చూపించి బడికి వస్తుంది. వసతి పాఠశాలకు ఎవరు వెళ్లినా వెళ్లకపోయినా దుర్గ వెళ్లదని దమయంతికి తెలుసు.

మంగళవారం ఉదయం ఆమె తిరుపతిరావుకు వీడియో ఫోన్ చేసింది. నీ గోడ వైపు ఫోన్ తిప్పి పట్టుకో అంది. ఎందుకని అతను అడగలేదు.

ఫోన్లో మడులపేట బడి కనిపించింది. బల్లలు కనిపించాయి. గోడ పక్కన చేతిలో ఫోన్ పట్టుకుని నిలబడ్డ తాను కనిపించింది. ముందు బల్లల మీద దుర్గ, మిగతా ముగ్గురూ ఉన్నారు. మూడో బల్ల చివర లిఖిత ఉంది. ఎడమ జడ రిబ్బను ఊడిపోయి ఉంది. పెన్సిలు చివర కొరుకుతోంది.

దమయంతి తల తిప్పి చూసింది. మూడో బల్ల ఖాళీగా ఉంది. దాని మీద ఎవరో పెట్టిన గొడుగు ఉంది.

మళ్లీ ఫోన్లోకి చూసింది. లిఖిత పెన్సిలు ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుంది.

"అక్కా, ఏటయ్యింది?" అన్నాడు తిరుపతిరావు. "కూర్చోండి ముందు. అక్కా."

ఆమె కూర్చోలేదు. క్లాసు మొదలైంది. తీసివేతల లెక్క ఒకటి చెప్పి, ఎవరు చెబుతారు అని అడిగింది. గోడ మీది పిల్లలు ఏడెనిమిది మంది చేతులెత్తారు. అందరూ ఒక్కసారే మడులపేట వైపు, మూడో బల్ల చివరకు తలలు తిప్పారు. కాసేపు విన్నారు. ఇద్దరు నవ్వారు. ఒక పిల్లవాడు, "తప్పు, తప్పు, అరువు తేలేదు," అన్నాడు. మడులపేట గదిలో ఏ మాటా వినపడలేదు. పన్నెండు రోజులుగా ఇలాగే జరుగుతోందని, ఆ నవ్వులు చూసి పిల్లలు అల్లరి చేస్తున్నారని తాను మందలించిందని దమయంతికి అప్పుడు గుర్తొచ్చింది.

ఆ రోజు మధ్యాహ్నం ఆమె రాష్ట్ర కార్యాలయంలో గోడల విభాగానికి ఫోన్ చేసింది. ఇంజనీరు పేరు ఫణీంద్ర. కుర్రవాడి గొంతు. పిల్ల చనిపోయిందని, అయినా వేరే బళ్ల గోడల మీద కనిపిస్తోందని ఆమె చెప్పింది.

"మేడం, మీరు హాజరు వేస్తున్నారా?"

"వేస్తున్నాను."

"పట్టీలో ఉంది. కెమెరాకు కనపడలేదు. అంటే సిగ్నల్ పోయిందని గోడ అనుకుంటుంది."

"అనుకుంటే?"

"2045 తుఫాను గుర్తుందా మేడం? కొండ బళ్లలో తొమ్మిది రోజులు సిగ్నల్ లేదు. గోడ మీద పిల్లలు నోళ్లు తెరిచి బిగుసుకుపోయారు. చిన్నపిల్లలు జడుసుకుని బడికి రావడం మానేశారు. అప్పుడు పెట్టాం ఇది. సిగ్నల్ తెగిన పిల్లను, అంతకు ముందు తీసి దాచిన దానిలోంచి గోడే తయారు చేసి నడిపిస్తుంది. మీకు సర్క్యులర్ వచ్చింది."

వచ్చింది. రెండు పేజీలు. దమయంతి సంతకం పెట్టి పంపింది.

"ఎన్నాళ్లు నడిపిస్తుంది?"

"సిగ్నల్ వచ్చేదాకా."

"రాకపోతే?"

"గడువు పెట్టలేదు మేడం. ఎప్పటికి బాగవుతుందో ఎవరికి తెలుసు అని పెట్టలేదు."

దమయంతి పలక మీదికి చూసింది. అయిదు పేర్లు. అయిదు టిక్కులు.

"ఇది మా బడి ఒక్కదానిలోనేనా?" అంది.

అతను ఏదో నొక్కుతున్న చప్పుడు వినపడింది. చాలాసేపు నొక్కాడు.

"మీ జట్టులో ఆరు బళ్లు. పట్టీల్లో ముప్పై ఒక్కరు. ఈ రోజు కెమెరా చూసింది పంతొమ్మిది మందిని."

"మిగతా పన్నెండు మంది?"

"గోడే మేడం."

ఆమె పేర్లు చదవమంది. అతను చదివాడు. అయిదో పేరు కొర్ర సుమంత్. తీసివేతల్లో అరువు తేవడం మరిచిపోయే పిల్లవాడు. వారానికి రెండుసార్లు ఆమె వాడిని గోడ దగ్గరికి పిలిచి, పది తెచ్చుకో నాన్నా, పక్కింటి నుంచి పది తెచ్చుకో అని చెబుతుంది. వాడు నాలుక కొరుక్కుని సరిచేస్తాడు. మళ్లీ మర్నాడు మరిచిపోతాడు.

"సుమంత్ ఎప్పట్నుంచి?"

"పోయిన ఏడు జూన్ నుంచి కెమెరాలో లేడు. పద్నాలుగు నెలలు."

"పద్నాలుగు నెలలుగా వాడికి నేను తీసివేతలు చెబుతున్నాను బాబూ."

"వాళ్లు నేర్చుకోరు మేడం. కెమెరా ముందు ఏం చేశారో అదే మళ్లీ మళ్లీ చేస్తారు. కొత్తది ఎక్కదు." ఆగి అన్నాడు, "నేనిది పైకి రాయాలి. అందరి పట్టీలూ బయటపడతాయి. పై నుంచి ఉత్తర్వు వచ్చేదాకా, మీ పట్టీలో పేరుంచడం, తీసెయ్యడం మీ చేతిలోనే ఉంది."

సాయంత్రం తిరుపతిరావుకు ఆమే ఫోన్ చేసింది. లిఖిత సంగతి చెప్పింది. 

"పన్నెండు రోజులు నాను ఆ పిల్లకి పద్యం చెప్పేను అక్కా," అన్నాడు. "తప్పు చదివితే గుంజీళ్లు తియ్యమన్నాను. తీసింది."

"నీ పట్టీలో ఆరుగురు. నీ దగ్గర ఎందరున్నారు?"

అటు తలుపు వేసిన చప్పుడైంది.

"తిరుపతీ."

"నలుగురు. ఇద్దరు అమ్మానాన్నతో జీడిపిక్కల పనికి పలాస వెళ్లిపోయారు. తిరిగొస్తారని ఉంచేను. ఉత్తినే ఉంటాయనుకున్నాను పేర్లు. మా పిల్లలు వాళ్లని చూడరు కదా, మా గోడ మీద రారు కదా."

"నేను చూశాను," అంది దమయంతి. "రోజూ చూశాను. వాళ్లలో ఆడపిల్ల నాకు రోజూ గుడ్మార్నింగ్ చెబుతుంది."

"ఈ కొండ మీద బడి పోతే మళ్లీ రాదు అక్కా."

"నాకు తెలీదా?"

లిఖిత తల్లి రోజా ఉప్పు పాకెట్లు కట్టే షెడ్డులో పనిచేస్తుంది. తెల్లవారుజామున అయిదింటికి వెళ్తుంది, సాయంత్రం ఆరింటికి వస్తుంది. భర్త చేపల బోట్ల మీద గుజరాత్ వెళ్లి అక్కడే ఇంకో సంసారం పెట్టాడు. పిల్ల పోయిన ఆరో రోజే ఆమె పనిలోకి వచ్చింది. పేరు కొన్నాళ్లు ఉంచుతానమ్మా అని దమయంతి అడిగితే, ఉంచండి టీచరమ్మా, ఆ నలుగురైనా సదువుకుంతారు అంది.

బుధవారం దమయంతి షెడ్డుకు వెళ్లింది. రోజా చేతులకు కట్టిన గుడ్డలు విప్పుకుంటూ బయటికి వచ్చింది. దమయంతి చెప్పింది. ఒకసారి చెబితే అర్థం కాలేదు. రెండోసారి చెప్పింది.

"ఎక్కడున్నాది?" అంది రోజా.

"ఎక్కడా లేదమ్మా. అది బొమ్మ."

"మాటాడతాదా?"

"మాట్లాడుతుంది."

"నవ్వుతాదా?"

దమయంతి తలూపింది.

"మరి బొమ్మంతారేటి?" రోజా అక్కడే ఉప్పు బస్తా మీద కూర్చుంది. "మన బడిలో కనపడదా?"

"కనపడదు. మిగతా బళ్లలోనే. దగ్గర్లో ఉన్నది గుడ్డిమెట్ట."

"ఎల్దాం. రేపెల్దాం."

"నేను చూశాను రోజా. చూడకపోతేనే మంచిది."

"మీరు సూసినారు. నాను సూడకూడదా?"

గురువారం దమయంతి సెలవు పెట్టి, పిల్లలను వంట ఆయాకు అప్పజెప్పింది. ఇద్దరూ ఏడింటి బస్సెక్కారు. రోజా పెళ్లిళ్లకు కట్టుకునే చీర కట్టుకుంది. సంచిలో బిస్కెట్ పాకెట్టు పెట్టుకుంది. అది దమయంతి చూసింది. తొమ్మిదిన్నరకు బస్సు ఘాట్ రోడ్డు మీద ఉంది. దమయంతి పలక తీసి నాలుగు పేర్లు ఒత్తింది. వేలు అయిదో పేరు మీద ఆగింది. రోజా చూస్తోంది.

"ఒత్తండి," అంది. "ఒత్తకపోతే రాదు గదా."

దమయంతి ఒత్తింది.

గుడ్డిమెట్ట చేరేసరికి పది దాటింది. తిరుపతిరావు గోడ మీద చూసి అనుకున్న దానికన్నా పొట్టివాడు. రోజాకు చేతులు జోడించి పక్కకు తప్పుకున్నాడు. గది వెనక రెండు కుర్చీలు వేశాడు. రోజా కూర్చోలేదు. నడుచుకుంటూ గోడ దాకా వెళ్లింది.

మూడో బల్ల చివర లిఖిత ఉంది. నోటు పుస్తకంలో గీత కొడుతోంది. రోజాకూ ఆమెకూ మధ్య మూరెడు దూరం. రోజా చెయ్యి చాపింది. వేళ్లు గోడకు తగిలాయి.

"అమ్మీ," అంది.

లిఖిత తల ఎత్తింది. నిలబడింది. బడికి పెద్దవాళ్లు ఎవరు వచ్చినా పిల్లలందరూ చేసినట్టే చేతులు కట్టుకుంది.

"నమస్కారమండీ."

"అమ్మీ, నానే."

లిఖిత ఆమె ముఖంలోకి చూసింది. అటూ ఇటూ ఉన్న పిల్లల వైపు చూసింది.

"మీరు ఎవరి అమ్మండీ?" అంది.

గదిలో నలుగురు పిల్లలూ తల తిప్పి రోజాను చూశారు. తిరుపతిరావు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. లిఖిత జవాబు కోసం నిలబడే ఉంది. కాసేపటికి కూర్చుని మళ్లీ గీత కొట్టుకుంది.

మూడేళ్లలో రోజా ఒక్కరోజు కూడా బడికి రాలేదు. బడి వేళకు ఆమె షెడ్డులో ఉండేది. కెమెరా ఆమెను ఎప్పుడూ చూడలేదు.

ఇద్దరూ తిరుగు బస్సెక్కారు. సంచిలోంచి బిస్కెట్ పాకెట్టు తీసి రోజా ముందు సీటులోని పిల్లవాడికి ఇచ్చింది. టెక్కలి దాటాక అంది.

"పేరు కొట్టీండి టీచరమ్మా."

"రోజా, కొట్టేస్తే బడి ఉండదు. దుర్గ ఏమవుతుంది? ముసలావిడ్ని వదిలి హాస్టలుకు వెళ్లదు."

"ఎరుగుదును. ఆ పిల్లకి నానే తల దువ్వుతాను ఆదివారాలు." రోజా కిటికీ లోంచి చూస్తూ అంది. "నా పిల్ల జ్వరంలో ఒళ్లు తెలీకపోయినా నా సెయ్యి పట్టుకుంటే అమ్మా అనీది. అక్కడ కూకున్నది నన్ను ఎవులో ఎరగదు. ఎరగనిదానికి నా పిల్ల పేరెందుకు? రేపు పెద్దయిపోద్దా అది? పదేళ్లెల్లినా నాలుగో తరగతే గదా?"

"అవును."

"నాను సచ్చిపోయినా అది పన్నెండో ఎక్కం సెప్తానే ఉంటాదా?"

దమయంతి సంచిలోంచి పలక తీసింది, మళ్లీ లోపల పెట్టింది.

"మీకు సేతకాకపోతే సెప్పండి. ఊళ్లో కాయితం రాయించి నానే పంపుతాను."

"నీ చేత చేయించను," అంది దమయంతి.

ఊళ్లో దిగాక ఆమె ఇంటికి పోకుండా దుర్గ ఇంటికి వెళ్లింది. ముసలమ్మ అరుగు మీద ఉంది. దుర్గ చింతపండు పిసుకుతోంది. దమయంతి ఉన్నదంతా చెప్పింది. ముసలమ్మ విని, చేత్తో తడిమి దుర్గ భుజం పట్టుకుంది.

"సచ్చిన పిల్లని ఎన్నాళ్లు నిలబెడతారమ్మా," అంది. "మా సంగతి మేం సూసుకుంతాం."

"మరి లెక్కలో?" అంది దుర్గ. "నాకింకా బాగారాలు రానేదు."

"నేను చెబుతాను. ఇంటికి రా."

"మిమ్మల్ని వేరే ఊరు మారిసెత్తారు గదా టీచర్."



ఆగస్టు 21, శుక్రవారం, ఉదయం 9 గంటల 31 నిమిషాలకు మడులపేట పాఠశాల పట్టీలోంచి చింతాడ లిఖిత పేరు తీసేశారు. కారణం అనే గడిలో "మరణం, 4-8-2048" అని దమయంతి రాసింది. పద్నాలుగు రోజులు తప్పుడు హాజరు వేసినట్టు వేరే కాయితం మీద రాసి, సంతకం పెట్టి పంపింది. 9 గంటల 32 నిమిషాలకు తిరుపతిరావు ఫోన్ చేసి, మూడో బల్ల ఖాళీ అయిందని చెప్పాడు. పిల్లలు అడుగుతున్నారు, ఏం చెప్పమంటారు అన్నాడు. ఉన్నది చెప్పమంది.

తన పట్టీలోని రెండు పేర్లను అతను తీయలేదు. సెప్టెంబరు నెలాఖరు దాకా తప్పుడు పేర్ల గురించి ఆ జట్టుకు పై నుంచి ఏ ఉత్తర్వూ రాలేదు.

సెప్టెంబరు 21, సోమవారం, ముప్పై రోజుల నిబంధన ప్రకారం మడులపేట బడి గోడ విప్పి లారీలో తీసుకుపోయారు. దమయంతిని విచారణ ముగిసేదాకా మండల కార్యాలయానికి పంపారు. నలుగురు పిల్లల్లో ముగ్గురు వసతి పాఠశాలలో చేరారు. నాలుగో పిల్ల, ఏడేళ్ల దుర్గ, సెప్టెంబరు 30 నాటికి ఏ బడి పట్టీలోనూ లేదు.